డిస్కు చిన్నదైనా టార్‌కి అభ్యంతరం లేదు

టార్ అంటే చాలా ఫైళ్లను కలిపి ఆర్కైవ్ అనే ఒకే ఫైలుగా కట్టే ప్రోగ్రాం. 1979 నుంచీ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంతో వస్తోంది. ఆకివీడు దగ్గర రొయ్యల మేత కొట్టులో ఖాతాలన్నీ యూనిక్స్ తరహాదే అయిన ఉబుంటు నడిచే ఒకే మెషీన్లో ఉంటాయి. కొన్నేళ్లుగా దాని బ్యాకప్ టార్‌తోనే తీస్తున్నాను. నా అభిమానమంతా ఒక్క విషయం మీదే: తీసిన డిస్కు ఎంతదో దానికి అనవసరం, ఫైళ్లకు చోటుంటే చాలు.

సరిగ్గా రొయ్యల పట్టుబడుల హడావుడిలో 500 జీబీ హార్డ్ డిస్కు టకటకా కొట్టుకుని ఆగిపోయింది. భీమవరంలో ఆ పూటకి దొరికింది 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. డిస్కుని ఖాళీ చోటుతో సహా ఉన్నదున్నట్టు కాపీ చేసే డీడీ కమాండ్‌తో మొత్తానికి తీసిన ఇమేజ్ అయితే అందులో పట్టేదే కాదు. ఇన్‌స్టాల్ చేయకుండానే సిస్టం నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కొత్తదాన్ని ఫార్మాట్ చేసి, ఆర్కైవ్ విప్పడం మొదలుపెట్టాను. ఓనరు గారు కుర్చీ పక్కకి లాక్కుని, "ఏవండీ, రైతుల బాకీలు ఉన్నట్టా, పోయినట్టా?" అని ఒకటే టెన్షన్.

విప్పేటప్పుడు, ఫైలు యజమానిని నంబరుతోనే పెట్టే న్యూమరిక్ ఓనర్ ఆప్షన్ మరవకూడదు. అది లేకపోతే టార్ ఫైలు యజమానిని పేరుతో వెతుకుతుంది. లైవ్ సిస్టంలో అదే పేరుకి వేరే నంబరుంటే ఆ నంబరే అంటిస్తుంది. అప్పుడు ఖాతాలుండే డేటాబేసు తన ఫోల్డరు తానే తెరవలేక మొరాయిస్తుంది. ఆ తర్వాత ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో కొత్త యూయూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) రాయాలి, సిస్టం నడిచేటప్పుడు తానే నింపుకుంటుంది కాబట్టి బ్యాకప్‌లో వదిలేసిన ప్రాక్, సిస్, డెవ్‌లకు ఖాళీ ఫోల్డర్లు పెట్టాలి, సీహెచ్‌రూట్ కమాండ్‌తో కొత్త డిస్కులోని సిస్టంలోకి వెళ్లి, దాన్ని బూట్ చేసే గ్రబ్ ఎక్కించాలి. పాత మెషీను కాబట్టి యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరహా బూట్ పద్ధతి గొడవ తప్పింది. లాగిన్ తెర రాగానే ఓనరు గారు చూసింది ఉండి ఊరి రైతు మేత బాకీ. పైసాతో సహా ఉంది.

అయితే ఆ బాకీ దక్కింది టార్ ఒక్కదాని వల్లే కాదు. నడుస్తున్న డేటాబేసు ఫైళ్లను అది కాపీ చేసినా నమ్మడానికి లేదు. ముందే మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో డేటాబేసు మొత్తాన్ని ఒక ఫైలుగా తీసి, ఆ ఫైలు కూడా ఆర్కైవ్‌లో పెట్టే అలవాటు కాపాడింది. డిస్కు ఏదైనా ఒకటే అన్నాను గానీ, బ్యాకప్ పెట్టే డిస్కు పాత ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసింది అయితే ఒక ఫైలు 4 జీబీ దగ్గర ఆగిపోతుంది. జీజిప్‌తో కుదించిన ఆర్కైవ్ మధ్యలో ఎక్కడైనా పాడైతే, అక్కడి నుంచి మిగతాది మామూలుగా విప్పుకోదు. అందుకే రెండు డిస్కుల్లో ఉంచి, అప్పుడప్పుడు, విప్పకుండా లోపలి ఫైళ్ల జాబితా చూపే టార్ టీజెడ్‌ఎఫ్ కమాండ్‌తో చివరిదాకా చదివిస్తాను.

ఒకటే మెషీను, రాత్రి కొట్టు కట్టేశాక తీరిగ్గా నడుస్తుంది కాబట్టి నాకు సరిపోయింది. నాలుగైదు బ్రాంచీలున్నవాళ్లకి రోజూ మొత్తం తీయడం బరువే. మారినవే తీసే ఇంక్రిమెంటల్ పద్ధతీ టార్‌లో ఉంది, కానీ విప్పేటప్పుడు అన్నిటినీ వరస తప్పకుండా విప్పాలి. ఓనరు గారు పక్కన కూర్చుని ఉండగా ఆ పని నావల్ల కాదు.