పెళ్లి సామాన్లకు ట్యాగులు కట్టి రెండేళ్లు: నల్గొండ ఫొటోగ్రాఫర్ అనుభవం

వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ఎయిర్‌ట్యాగ్ లాంటి బ్లూటూత్ ట్యాగు కొనొచ్చా అని మా లైన్‌లో ఉన్న తమ్ముళ్లు తరచూ అడుగుతుంటారు. కొనొచ్చు. కానీ మన నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు తిరిగేవాళ్లు అది ఎక్కడ పని చేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుసుకుని కొనాలి. సిటీలో వాడినవాళ్ల రివ్యూలు చూస్తే ఎక్కడికెళ్లినా ఢోకా లేదనిపిస్తుంది. ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే చందంపేట తండాలో పెళ్లి ఆర్డర్ పట్టుకున్నవాడికి ఆ లెక్క సరిపోదు.

నాది పెళ్లిళ్ల ఫొటో, వీడియో పని. సీజన్ వచ్చిందంటే పొద్దున ఒక ఫంక్షన్ హాల్, రాత్రి ఇంకో ఊళ్లో రిసెప్షన్. కెమెరా బ్యాగులు, లైట్ల బ్యాగు, డ్రోన్ పెట్టె, గింబల్, ట్రైపాడ్లు అన్నీ ఒక కారులో పట్టవు. కొన్ని ఆటోలో వెళ్తాయి, కొన్ని అసిస్టెంట్ బండి మీద, ఇంకొన్ని డెకరేషన్ వాళ్ల డీసీఎంలో, అంటే చిన్న లారీలో. వీటన్నిటికంటే విలువైనది అరచేతిలో పట్టే నల్ల పౌచ్. రోజంతా తీసిన మెమరీ కార్డులు, హార్డ్ డిస్క్ అందులోనే ఉంటాయి. కెమెరా పోతే ఈఎంఐ పెట్టి ఇంకోటి కొనుక్కోవచ్చు. జీలకర్ర బెల్లం పెట్టే ఫొటో పోతే ఆ పెళ్లి మళ్లీ చేయించలేం కదా. నేను ట్యాగులు కొన్నది ముందుగా ఆ పౌచ్ కోసం.

నాది ఐఫోన్ కాబట్టి నాలుగు ఎయిర్‌ట్యాగ్‌లున్న ప్యాక్ తీసుకున్నాను. 2021లో మన దేశంలోకి వచ్చినప్పుడు ఒక్కోదాని ధర 3,190 రూపాయలు, నాలుగింటి ప్యాక్ 10,900. పైసా పైసా లెక్క చూసుకునేవాళ్లకు ఇది ఎక్కువే అనిపిస్తుంది. పైగా దానికి కట్టుకోవడానికి రంధ్రం ఉండదు, హోల్డర్ వేరే కొనాలి. మా అసిస్టెంట్ పిల్లగాడిది ఆండ్రాయిడ్ ఫోన్. ఎయిర్‌ట్యాగ్‌ను ఆండ్రాయిడ్‌కు జత చేయలేం కాబట్టి అతని చేతిలో ఉండే బ్యాగుకు జియోట్యాగ్ గో పెట్టాం, అది ఆండ్రాయిడ్ ఫోన్ల సాయంతో వస్తువులు వెతికే గూగుల్ ఫైండ్ హబ్‌తో నడుస్తుంది. ట్రైపాడ్ల బ్యాగులకు మాత్రం తక్కువ ధరలో వచ్చే వేరే కంపెనీ ట్యాగులు వేశాను. వాటిలో ఒకటి తాడు కట్టే చోట విరిగింది, ఇంకోదాని శబ్దం నీరసపడి ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడదు. విలువైన వస్తువుకు చౌక ట్యాగు కట్టొద్దని నా మాట.

చాలామంది ఇది జీపీఎస్ అనుకుంటారు. ట్యాగులో జీపీఎస్ లేదు, సిమ్ లేదు, నెలనెలా రీచార్జ్ లేదు. అది చేసేదల్లా చుట్టుపక్కల కొన్ని మీటర్ల మేర బ్లూటూత్ సంకేతం వదలడమే. ఆ దారిన పోయే ఎవరి ఫోనో ఆ సంకేతాన్ని అందుకుని, తానున్న చోటును రహస్య రూపంలో పైకి పంపుతుంది. ఆ ఫోన్ యజమానికి కూడా ఆ సంగతి తెలియదు. తప్పిపోయిన గొర్రె కోసం దారి పొడవునా ఎదురైనవాళ్లనల్లా అడుగుతూ పోతాం చూడండి, అచ్చం అలాగే. ఎవరూ ఎదురుపడకపోతే జాడ తెలియదు. ఎయిర్‌ట్యాగ్‌కైతే ఎదురుపడేది ఐఫోన్ అయి ఉండాలి, ఫైండ్ హబ్ ట్యాగుకైతే ఆండ్రాయిడ్. మన దగ్గర ఈ తేడాతోనే కథంతా మారిపోతుంది.

మిర్యాలగూడలో ఒక రిసెప్షన్ అయిపోయాక జరిగింది చెప్తాను. అర్ధరాత్రి దాటింది, స్టేజీ విప్పుతున్నారు. హాల్ కుర్రాళ్లు మా పౌచ్ ఉన్న చిన్న బ్యాగును డెకరేషన్ బట్టల మూటలతో కలిపి డీసీఎంలోకి ఎక్కించేశారు. మేం లెక్క చూసుకునేసరికి బండి హైదరాబాద్ దారి పట్టింది. యాప్ తెరిస్తే మాడుగులపల్లి టోల్‌గేట్ దగ్గర 40 నిమిషాల కిందట కనిపించినట్టు చూపించింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తిప్పర్తి లేదు, నల్గొండ లేదు. ఒక్కసారిగా నార్కట్‌పల్లి. మళ్లీ మౌనం. డెకరేషన్ అన్నకు ఫోన్ చేసి డ్రైవర్ నంబర్ తీసుకున్నాను.

"మా బండిల మీ బ్యాగేం లేదు సార్, అన్నీ పైపులు, బట్టలే," అన్నాడతను.

మాట్లాడుతుండగానే మ్యాప్ మారింది. పంతంగి టోల్‌గేట్, 3 నిమిషాల కిందట.

"అన్నా, నువ్వు ఇప్పుడే పంతంగి దాటినవ్ కదా?"

"అవ్ సార్... మీకెట్ల తెల్సు?"

చౌటుప్పల్‌లో రోడ్డు పక్కకు ఆపమని బతిమాలి మేం బయలుదేరాం. ఆ రాత్రి నాకు అర్థమైందేమిటంటే, ట్యాగు బండి వెంట గీత గీసినట్టు దారంతా చూపించదు. బండ్లు ఆగి, జనం పోగై, వాళ్ల జేబుల్లో ఐఫోన్లు ఉన్న చోట మాత్రమే చుక్క పెడుతుంది. మన జిల్లాలో రాత్రిపూట ఆ చుక్కలు పడేది టోల్‌గేట్ల దగ్గర, బస్సులు ఆగే హోటళ్ల దగ్గర. డ్రైవర్‌దీ, క్లీనర్‌దీ ఆండ్రాయిడ్ ఫోన్లే, అందుకే మధ్యలో ఖాళీ. కాబట్టి యాప్ తెరవగానే మ్యాప్‌లో ఊరి పేరు కంటే ముందు దాని కింద ఉన్న టైమ్ చూడండి. 3 నిమిషాల కిందటి చుక్కను నమ్మొచ్చు. 3 గంటల కిందటి చుక్క దగ్గరికి పెట్రోల్ కాల్చుకుని పరిగెత్తొద్దు, ముందు ఆ వైపు ఉన్నవాళ్లకు ఫోన్ చేయండి.

చౌటుప్పల్‌లో డీసీఎం ఎక్కాక ఇంకో ఇబ్బంది. బండి నిండా ఇనుప పైపులు, తెల్ల బట్టల మూటలు. శబ్దం మోగిస్తే ఎక్కడో సన్నగా వినిపిస్తోంది కానీ ఏ మూటలోంచో తెలియడం లేదు, పక్కన లారీలు పోతున్నాయి. ఫోన్‌లో బాణం గుర్తు పెట్టి వెతికే సౌకర్యం ఆదుకుంది. ముందు సిగ్నల్ తక్కువగా ఉంది, ఇంకా దగ్గరికి రమ్మంది. పైపుల అవతలికి వెళ్లాక బాణం నిలబడింది. 2 మీటర్లు, 1 మీటరు, తర్వాత ఫోన్ చేతిలో వణికింది. మూడు మూటల కింద, స్టేజీ తెర మడతలో బ్యాగు. డ్రైవర్ అన్న మాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. దొంగతనం నింద తన మీద పడుతుందేమోనని పాపం అప్పటిదాకా టెన్షన్‌లో ఉన్నాడు.

ఈ బాణం ఎయిర్‌ట్యాగ్‌లోని అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్ వల్ల వస్తుంది. ఫోన్‌లో కూడా ఆ చిప్ ఉండాలి, ఐఫోన్ 11 నుంచి చాలా మోడళ్లలో ఉంది, ఎస్ఈ ఫోన్లలో లేదు. తక్కువ ధర ట్యాగుల్లో సాధారణంగా ఇది ఉండదు, శబ్దమే దిక్కు. ఫంక్షన్ హాల్లో బ్యాండ్ మోగుతుంటే, డీజే పెడితే ఆ శబ్దం ఎవరికి వినపడాలి? మా పనిలో ఎక్కువ ధర పెట్టింది ఈ బాణానికేనని నేను సంతోషంగా చెప్తాను. మ్యాప్ అవసరం ఎప్పుడో గానీ పడదు. బాణం అవసరం ప్రతి పెళ్లిలోనూ పడుతుంది. కుర్చీల కింద, విడిది గదిలో, వంటల వైపు, బ్యాగు ఎవరో ఒకరు జరుపుతూనే ఉంటారు.

ఇక చందంపేట వైపు, కృష్ణ ఒడ్డు తండాలకు వెళ్తే ఎయిర్‌ట్యాగ్ మ్యాప్ దాదాపు నిద్రపోతుంది. చివరిసారి దేవరకొండ బస్టాండ్ దగ్గర కనిపించిందని చెప్పి అక్కడే ఆగుతుంది. ఫోన్ సిగ్నలే అంతంతమాత్రం, అందులో ఐఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? సలేశ్వరం జాతరకు సొంత పని మీద వెళ్లినప్పుడూ ఇంతే. వేలమంది జనం ఉన్నా నల్లమల లోపల నెట్‌వర్క్ లేనిదే ఏ ఫోన్ అయినా కబురు పంపలేదు. అక్కడ దగ్గరి దూరంలో బాణం, శబ్దం పని చేస్తాయి, వాటికి ఇంటర్నెట్ అక్కర్లేదు. అందుకే అటువైపు ఆర్డర్లకు పౌచ్‌ను నడుముకు కట్టుకునే వెళ్తాను, ట్యాగు ఉన్నా సరే.

పల్లెల్లో ఆండ్రాయిడ్ ఫోన్లు ఇంటికి రెండు మూడు ఉన్నాయి కదా, ఫైండ్ హబ్ ట్యాగు అక్కడ దూసుకుపోవాలి కదా అని మీకు అనిపించొచ్చు. నాకూ అలాగే అనిపించింది. కానీ మొదట్లో మా అసిస్టెంట్ బ్యాగు జాడ చాలాసార్లు పాతదే చూపించేది. కారణం సెట్టింగ్‌లో ఉంది. గూగుల్ ఈ నెట్‌వర్క్‌ను 2024లో మొదలుపెట్టినప్పుడు గోప్యత కోసం ఒక నియమం పెట్టింది. మామూలుగా ఫోన్లన్నీ రద్దీ ప్రాంతాల్లో మాత్రమే పాల్గొంటాయి. అంటే ఒక్క ఫోన్ చూసి కబురు పంపితే చాలదు, చాలా ఫోన్లు చూడాలి. బస్టాండ్‌లో అది కుదురుతుంది. హాలియా దాటాక పొలాల మధ్య రోడ్డు మీద ఎలా కుదురుతుంది? ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో ఫైండ్ హబ్, అందులో ఆఫ్‌లైన్ పరికరాలను వెతికే చోటికి వెళ్లి అన్ని ప్రాంతాల్లో నెట్‌వర్క్ అనేది ఎంచుకోవాలి. అప్పుడు ఒక్క ఫోన్ ఎదురైనా చాలు. మన ఫోన్‌లో మార్చుకుంటే మన వస్తువుకూ మేలే, కానీ అసలు ఫలితం ఎక్కువమంది మార్చినప్పుడే. మా టీమ్‌లో, డెకరేషన్ వాళ్లలో, మేళం వాళ్లలో తెలిసిన ప్రతి ఒక్కరి ఫోన్ తీసుకుని నేనే మార్చి ఇచ్చాను. బ్యాటరీ కోసం బ్లూటూత్ ఆపేసే అలవాటు కూడా మానుకోమని చెప్పాను. అప్పటి నుంచి మేం తిరిగే దారుల్లో తేడా బాగానే తెలుస్తోంది. ఇది చదివే మన జిల్లాల వాళ్లు కూడా మార్చండి, ఎవరి బ్యాగో మీ వల్ల దొరుకుతుంది.

సీజన్ లేనప్పుడు లైట్ల బ్యాగును అసిస్టెంట్ తన ఊరికి తీసుకెళ్లాడు. దాంట్లో నా ఎయిర్‌ట్యాగ్ ఉంది. మర్నాడు వాళ్లమ్మ ఇల్లు ఊడుస్తూ బ్యాగు జరిపితే లోపల్నుంచి శబ్దం. "ఓ పిలగా, బ్యాగుల ఏదో కీ కీ అంటుంది, ముందు సూడు," అని ఆమె భయపడిపోయింది. అతని ఫోన్‌కు కూడా తెలియని ట్రాకర్ మీతో పాటు ప్రయాణిస్తోందని హెచ్చరిక వచ్చింది. యజమాని ఫోన్‌కు దూరమైన ఎయిర్‌ట్యాగ్ 8 నుంచి 24 గంటల మధ్య ఎప్పుడో కదిలిస్తే ఇలా మోగుతుంది. ఎవరైనా మనకు తెలియకుండా మన బ్యాగులో ట్యాగు పడేసి వెంటాడకుండా పెట్టిన కాపలా ఇది. ఆపిల్, గూగుల్ 2024 మేలో ఈ హెచ్చరికలు రెండు రకాల ఫోన్లలోనూ వచ్చేలా కలిసి ఏర్పాటు చేశాయి. ఆమెను భయపెట్టినా ఈ ఏర్పాటు ఉండాల్సిందే. ఒకాయన నా దగ్గరికి వచ్చి, భార్య స్కూటీలో కనపడకుండా ట్యాగు ఎక్కడ పెట్టాలో చెప్పమని అడిగాడు. చెప్పనన్నాను. వస్తువును వెతకడానికి చేసిన దాన్ని మనిషి మీద వాడటం తప్పు, ఆయన భార్య ఫోన్‌కు హెచ్చరిక వస్తుందని కూడా చెప్పి పంపాను.

ఈ కాపలా వల్లే దొంగలకు కూడా ట్యాగు సంగతి తెలిసిపోతుంది. కాబట్టి దొంగతనానికి ఇది మందు కాదు. మర్చిపోయినవీ, కలిసిపోయినవీ, జరిగిపోయినవీ దొరుకుతాయి. బైక్, కారు, డీసీఎంలకు సిమ్ ఉన్న జీపీఎస్ పరికరమే పెట్టించుకోండి. మా మామయ్య బర్లకు కట్టొచ్చా అని అడిగాడు. బర్లు మేసే చోట ఫోన్లుండవు మామా, వద్దన్నాను. ఇక ఫోనే పోతే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించడం దానికి దారి.

బ్యాటరీ సంగతి. నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032. ఏడాది వరకు వస్తుందని కంపెనీ మాట, నాకూ సుమారుగా అంతే వస్తోంది. ప్రకాశం బజార్‌లో వాచీలు బాగు చేసేచోట దొరుకుతుంది. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన బిళ్లలు కొన్ని ఎయిర్‌ట్యాగ్‌లో సరిగ్గా అతకవు, కొనేటప్పుడు అక్కడే వేసి చూడండి. తీసేసిన పాత బిళ్లను మాత్రం టేబుల్ మీద వదలొద్దు. చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలి గాయమవుతుంది, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన విషయం. పెళ్లింట్లో పిల్లలు ఎక్కడ పడితే అక్కడ చేతులు పెడతారు కాబట్టి నేను బ్యాటరీలు ఇంటి దగ్గరే మారుస్తాను. నీళ్లకు ఎయిర్‌ట్యాగ్ తట్టుకుంటుంది, వానలో తడిసిన బ్యాగులో కూడా బాగానే ఉంది. ఎండ విషయంలో 60 డిగ్రీల దాకా దాని హద్దు. మే నెలలో మన నల్గొండ ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టకండి. డ్రోన్ అల్యూమినియం పెట్టెలో ఉంటే సంకేతం బయటికి సరిగా రాదు, అందుకే ఆ ట్యాగును పెట్టె పిడికి కట్టాను.

ఇంట్లో అమ్మ బ్యాగుకు కూడా ఒకటి వేశాను. అమ్మావాళ్లు తిరుపతికి నారాయణాద్రి రైల్లో వెళ్లి అలిపిరి మెట్ల దారిలో ఎక్కారు. సామాన్లు కింద కౌంటర్లో ఇస్తే దేవస్థానం వాళ్లు ఉచితంగా పైకి చేరుస్తారు కదా. మా చెల్లె మెట్లెక్కుతూనే బ్యాగు కొండ మీదికి చేరిందని ఫోన్‌లో అమ్మకు చూపించింది. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17 నుంచి ఒక ట్యాగును ఇంట్లో మరో ఐదుగురితో పంచుకోవచ్చు, వాళ్ల ఐఫోన్లలోనూ ఐఓఎస్ 17 గానీ ఆ తర్వాతిది గానీ ఉండాలి. రద్దీ ఉన్న చోట ఇది ఎంత బాగా పని చేస్తుందో తిరుమలలో చూడాలి.

ఐఫోన్ ఉండి, విలువైన వస్తువులు నలుగురి చేతుల్లో తిరిగే పని మీదైతే ఎయిర్‌ట్యాగే కొనండి. ఆండ్రాయిడ్ అయితే 1,500 రూపాయల లోపు ఫైండ్ హబ్ ట్యాగు ఒకటి తీసుకుని, ఆ సెట్టింగ్ మార్చి, ఒక సీజన్ వాడి చూశాకే మిగతావి కొనండి. నేను ఈసారి ముహూర్తాలు మొదలయ్యేలోపు ట్రైపాడ్ల బ్యాగులకున్న చౌక ట్యాగులు తీసేసి, అసిస్టెంట్‌తో వెళ్లే లైట్ల బ్యాగుకు అతని ఫోన్‌కే జత చేసిన ఫైండ్ హబ్ ట్యాగు వేస్తున్నాను.