పలకను చల్లబరిచే గాలి జెట్: ఏ నాజిల్ మేలు?

వేడెక్కిన పలక మీదికి గాలి జెట్ కొట్టి చల్లబరచాలి. ఏ నాజిల్ పెట్టాలి? ఒక పరీక్షలో పదునంచు ఆరిఫిస్ (రేకుకు వేసిన మామూలు రంధ్రం) గెలుస్తుంది, ఇంకోదాంట్లో నున్నగా సన్నబడే నాజిల్ గెలుస్తుంది. రెండూ నిజమే. దేన్ని సమానంగా ఉంచి పోల్చారో చూడకుండా గెలిచిందేదో మాత్రం చదివితే బోల్తా పడతాం.

ముందు ఆరిఫిస్ సంగతి. పల్చటి రేకుకు డ్రిల్ వేస్తే చాలు, ఇంతకన్నా చవకైన నాజిల్ లేదు. పదునైన అంచు దగ్గర గాలి ఒక్కసారిగా మలుపు తిరగలేదు, అందుకే రంధ్రం దాటాక కూడా లోపలికి ముడుచుకుంటూ పోతుంది. 10 మి.మీ. రంధ్రంలోంచి వచ్చిన జెట్ కాస్త ముందుకెళ్లేసరికి 7.8 మి.మీ. దాకా సన్నబడుతుంది. విస్తీర్ణం సుమారు 61 శాతానికి తగ్గింది కాబట్టి వేగం 1.6 రెట్లవుతుంది. అంచు దగ్గర పుట్టే సుడులు దీనికి అదనం. ఒకే ప్రవాహంతో పోలిస్తే, జెట్ తాకే చోట ఉష్ణ బదిలీలో ఆరిఫిస్‌దే పైచేయి. కానీ అంత గాలినీ తోయడానికి బ్లోయర్ రెండున్నర రెట్ల పీడనం ఇవ్వాలి.

ఇప్పుడు పీడనాన్ని సమానం చేయండి. జెట్ వేగం రెండింటికీ దాదాపు ఒకటే అవుతుంది, గాలి మాత్రం నున్నటి నాజిల్‌లోంచి 1.6 రెట్లు ఎక్కువ పోతుంది. నన్నడిగితే, 10 మి.మీ. ఆరిఫిస్ అంటే 7.8 మి.మీ. నున్నటి నాజిలే, కాస్త అల్లకల్లోలం ఎక్కువ, అంతే. బ్లోయర్ బలం అంతంతమాత్రమైతే నున్నటిదే మేలు. గాలి పరిమితంగా ఉండి పీడనం దండిగా ఉంటే ఆరిఫిస్.

మధ్యేమార్గం ఒకటుంది: రంధ్రానికి గాలి లోపలికొచ్చే వైపు చాంఫర్ కొట్టడం, అంటే అంచును ఏటవాలుగా చెక్కడం. పీడన నష్టం బాగా తగ్గుతుంది, ఉష్ణ బదిలీ పెద్దగా తగ్గదు. నా ఓటు చాలాసార్లు దీనికే. అయితే రేకును తిరగేసి బిగిస్తే చాంఫర్ బయటి వైపుకెళ్లి, గాలికి మళ్లీ పదునంచే ఎదురవుతుంది. రేకు మందం రంధ్రం వ్యాసానికి మించినా కథ మారుతుంది: ముడుచుకున్న గాలి మళ్లీ గోడకు అంటుకుంటుంది, ప్రవాహ గుణకం (లెక్క ప్రకారం పోవాల్సిన గాలిలో నిజంగా పోయే వంతు) 0.6 నుంచి 0.8 దగ్గరికి చేరుతుంది. దాన్నింక పదునంచు ఆరిఫిస్ అనలేం.

పొడవాటి గొట్టం? అల్లకల్లోల ప్రవాహంలో మధ్య వేగం సగటుకన్నా 20 శాతం దాకా ఎక్కువ, కాబట్టి నడిమధ్యన బాగా కొడుతుంది. చోటు దొరికితేనే.

ఈ తేడాలన్నీ పలక దగ్గరగా ఉన్నప్పుడే. జెట్ గర్భంలో వేగం తగ్గకుండా ఉండేది మూతి వ్యాసానికి 4 నుంచి 6 రెట్ల దూరమే. అది దాటి ఇంకా దూరం జరిగితే మూతి ఆకారం ప్రభావం చెరిగిపోతూ వస్తుంది. పలక దూరం 2 వ్యాసాలే ఉండి, రేనాల్డ్స్ సంఖ్య (వేగం, వ్యాసం పెరిగేకొద్దీ పెరిగే, ప్రవాహం ఎంత అల్లకల్లోలమో సూచించే సంఖ్య) 20,000 దాటితే మరో విశేషం: కేంద్రం నుంచి దాదాపు 2 వ్యాసాల దూరంలో ఉష్ణ బదిలీ మళ్లీ పెరిగి, ఒక వలయంలా కనిపిస్తుంది. సమానంగా చల్లబడాల్సిన వస్తువుకు ఇది తలనొప్పే.

దీర్ఘవృత్తాకార నాజిల్ చుట్టుపక్కల గాలిని ఎక్కువగా కలుపుకుంటుంది, ముందుకెళ్లేకొద్దీ దాని పొడవు వెడల్పులు తారుమారవుతాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ, తయారీ శ్రమకు తగ్గ లాభం అందరికీ రాదు.

గుండ్రని దానికి అసలు పోటీ స్లాట్, అంటే పొడవాటి సన్నని చీలిక లాంటి మూతి. గుండ్రని జెట్ తాకిన చోట గట్టిగా చల్లబరుస్తుంది, తర్వాత నలువైపులా పరుచుకుంటూ త్వరగా నీరసిస్తుంది. స్లాట్ జెట్ రెండు వైపులకే పోతుంది కాబట్టి వేగం నెమ్మదిగా తగ్గుతుంది. కదిలే కాగితం, గాజు పలక లాంటి వెడల్పాటి వాటికి స్లాటే సరి. వరుసగా స్లాట్లు పెట్టేటప్పుడు వాటి మధ్య వాడేసిన గాలి బయటికి పోయే దారి వదలాలి. వదలకపోతే ఆ గాలే అడ్డంగా వీచి పక్క జెట్‌ను వంచేస్తుంది, అప్పుడు ఏ ఆకారం పెట్టినా లెక్క తప్పుతుంది.