అట్టపెట్టె మోసుకుని బోట్ షోకి: సౌతాంప్టన్, కౌస్, గాస్‌పోర్ట్

మా తెరచాప బోటుకి కొత్త ఇంజన్ వెతుక్కుంటూ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్ బోట్ షోలోకి ఖాళీ అట్టపెట్టె మోసుకెళ్ళినవాళ్ళం మేమిద్దరమే అయి ఉంటాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను లోపల ఏముందని అడిగితే మా బావ "ఏమీ లేదు" అన్నాడు, దాంతో అనుమానం వచ్చి ఇంకో ఐదు నిమిషాలు ఆపాడు. ఆ పెట్టె మా బోటులో మెట్ల వెనక ఇంజన్ కూర్చునే గూడుకి సరిగ్గా కొలిచి కత్తిరించింది. గూట్లోకి ఎక్కడెక్కడ చెయ్యి పడుతుందో అక్కడ కంతలు కూడా కోశాం.

మా బోటు వెస్టర్లీ సెంటార్ అనే మోడల్, డెబ్బైల నాటిది, 26 అడుగులు, బరువు మూడు టన్నులు. అడుగున రెక్కల్లాంటి రెండు కీల్స్ ఉంటాయి కాబట్టి నీళ్ళు తీసినప్పుడు బురదలో నిటారుగా నిలబడుతుంది. దాంట్లో ఉన్న పాత వోల్వో ఇంజన్ సముద్రపు నీళ్ళనే నేరుగా లోపల తిప్పుకుని చల్లబడే రకం, ఇన్నేళ్ళ ఉప్పూ తుప్పూ కలిసి ఆ దారులన్నీ మూసుకుపోయాయి. జూలైలో పున్నమి మర్నాడు సముద్రం ఇరుకు సందులా మారే హర్స్ట్ కోట దగ్గర వేడెక్కి ఆగిపోయింది. ఆ సందులో అలాంటి రోజుల్లో పోటుపాట్ల ప్రవాహం 4 నాట్లకి పైనే లాగుతుంది (వరి నాట్లు కాదు, వేగం; ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు), పైగా ఆ రోజు గాలి లేదు. లంగరు వేసుకుని నాలుగు గంటలు కూర్చున్నాం. ఇక రిపేరు వద్దు, కొత్తదే అనుకున్నది అక్కడే.

షో సెప్టెంబరులో మేఫ్లవర్ పార్కులో జరుగుతుంది. తిండి ఖరీదు, శనివారమైతే అసలు కాలు పెట్టేంత చోటుండదు, మామూలు పనిరోజు వెళ్ళండి. కానీ యాన్మార్, వోల్వో, నానీ, బీటా కంపెనీల ఇంజన్లన్నీ ఒకే పూటలో మోకాళ్ళ మీద కూర్చుని చూసే అవకాశం ఇంకెక్కడా దొరకదు. స్టాళ్ళలో వాళ్ళు హెచ్‌పీ గురించి చెబుతుంటే మేం పెట్టె కంతలోంచి చెయ్యి దూర్చి ఇంపెల్లర్ (నీళ్ళ పంపులో తిరిగే రబ్బరు చక్రం) మూత అందుతుందా, నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ వస్తుందా అని చూస్తున్నాం. ఒక ఇంజన్‌కి ఆ మూత వెనక్కి తిరిగి ఉంది, అద్దం పెట్టుకుంటే తప్ప స్క్రూలు కనబడవు. అలల్లో ఊగుతున్న బోటులో, చేతికి నూనె అంటుకుని ఉన్నప్పుడు ఆ స్క్రూ జారి అడుగున నీళ్ళలో పడితే ఏమవుతుందో మాకు అనుభవమే. ఆ ఇంజన్ అక్కడికక్కడే ఔట్.

హెచ్‌పీ సంగతికొస్తే, టన్నుకి నాలుగైదు చాలంటారు, ఆ లెక్కన మాకు పద్నాలుగు సరిపోవాలి. నీటిలో మా బోటు పొడవుకి ఎంత తోసినా 6 నాట్లకి మించి పోదు కూడా. అవసరానికి మించిన ఇంజన్ కొని బ్యాటరీ ఛార్జింగ్ కోసం ఊరికే ఐడిల్‌లో తిప్పితే సిలిండర్ గోడలు నున్నబడి నూనె తాగడం మొదలెడుతుంది. అందుకే నేను పద్నాలుగు మీదే ఉన్నాను, కౌస్ వెళ్ళేదాకా.

ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని కౌస్‌కి రెడ్ జెట్ అనే వేగం ఫెర్రీలో అరగంట లోపే. అక్కడ ఒకాయనకి మాలాంటి సెంటారే ఉంది, పద్నాలుగు హెచ్‌పీ పెట్టించుకున్నాడు. నిలకడ నీళ్ళలో ఐదున్నర నాట్లు హాయిగా పోయింది. బయటికి వెళ్ళి ఎదురుగాలిలో, దగ్గరదగ్గరగా వచ్చే అలల్లో పెట్టేసరికి మూడుకి పడిపోయింది, పూర్తి రేస్ ఇచ్చినా అంతే. "చూశావా బావా, హర్స్ట్‌లో ఇదైతే మనం వెనక్కి పోతాం" అన్నాడు మా బావ. నిజమే, టన్నుల లెక్క చెప్పినవాళ్ళు గాలి లెక్క చెప్పలేదు. రాత్రి కౌస్‌లోనే ఉన్నాం. గది అగ్గిపెట్టంత, అద్దె ఎక్కువ, కానీ శుభ్రంగా ఉంది, తడి బట్టలు ఆరేసుకోవడానికి వేరే గదిచ్చారు, దానికే పూర్తి మార్కులు.

ఇంజన్ బిగించే యార్డుల కోసం వెళ్ళిన గాస్‌పోర్ట్‌లో మాత్రం ఒక పబ్బు పైన గది తీసుకుని బుక్కయిపోయాం. వేడినీళ్ళు రాలేదు, అడిగితే "పొద్దున్నే వస్తాయి" అన్నారు, పొద్దున్న కూడా రాలేదు. అక్కడ ఉండకుండా పోర్ట్స్‌మౌత్‌లో దిగి ఫెర్రీ ఎక్కి రావడం మేలు, నాలుగైదు నిమిషాల ప్రయాణం.

బిగించే యార్డులు రెండు చూశాం. మొదటివాళ్ళ కొటేషన్ చవగ్గా కనిపించింది, చదివితే అందులో ఇంజన్ కూర్చునే దిమ్మలు (బెడ్లు) మార్చడం, ఎగ్జాస్ట్ గొట్టం, ఇంజన్‌ని ప్రొపెల్లర్ కడ్డీకి కలిపే షాఫ్ట్ కప్లింగ్ ఏవీ లేవు. రెండోవాళ్ళు ఇంజన్ ఊసెత్తకుండా ముందు బోటు వెనక్కి వెళ్ళి ప్రొపెల్లర్ ఎటు తిరుగుతుందో చూశారు. కొత్త గేర్‌బాక్స్ అటే తిప్పకపోతే పాత ప్రొపెల్లర్ పనికిరాదు కదా. ఆ ఒక్క చూపుకే వాళ్ళకి పనిచ్చేశాం.

చివరికి బీటా 20 తీసుకున్నాం, అంటే 20 హెచ్‌పీది. మూడు సిలిండర్లు, లోపల మంచినీళ్ళతో చల్లబడే రకం, పంపు ముందువైపే ఉంది. గ్లాస్టర్‌లో తయారవుతుంది గానీ అసలు ఇంజన్ కుబోటా. ఆ పేరు వినగానే మా బావ మొహం వెలిగిపోయింది, భీమవరం దగ్గర వాళ్ళ చేలో వరి కోసే మిషన్ కుబోటానే. పార్టులు ట్రాక్టర్ షాపులో దొరుకుతాయని తెగ సంబరపడ్డాడు. ఫిల్టర్ల వరకూ సరే, సముద్రపు నీళ్ళు తగిలే హీట్ ఎక్స్‌ఛేంజర్ (లోపలి మంచినీళ్ళ వేడిని సముద్రపు నీళ్ళకి వదిలేది) లాంటివి మాత్రం బీటా దగ్గర కొనాల్సిందే, ఆ ముక్క చెబితే కాస్త తగ్గాడు.

ఫిబ్రవరిలో బోటు ఒడ్డుకెక్కించినప్పుడు బిగిస్తారు. ప్రొపెల్లర్ సైజు మీద ఇద్దరు రెండు మాటలు చెబుతున్నారు, అది ఇంకా ఆర్డర్ చెయ్యలేదు.