పాత అంబాసిడర్‌కు ఏ సీటు బెల్టు మేలు?

హన్మకొండ గల్లీల్లో తార్పాలిన్ కప్పుకున్న అంబాసిడర్లు, పద్మినీలు, పరకాల వైపు ఊళ్లలో తాతల నాటి మహీంద్రా జీపులు ఇప్పటికీ కనబడతాయి. ఇంజిన్ చేయించి, టింకరింగ్, పెయింటింగ్ అయ్యాక ఓనర్ల మధ్య తెగని వాదన ఒకటుంది. బెల్టు పెట్టించాలా వద్దా? పెట్టిస్తే ఏది?

ముందు రూల్స్ సంగతి. మన దేశంలో ముందు సీట్లకు బెల్టులు కంపెనీయే బిగించి ఇవ్వాలన్న నిబంధన 1994లో వచ్చింది. వెయ్యి రూపాయల జరిమానా కూడా బెల్టు ఉండాల్సిన బండ్లకే. అంతకుముందు తయారైన కారును చట్టం బెల్టు అడగదు. (చౌరస్తాలో కెమెరాకు మీ బండి ఏ సంవత్సరానిదో ఏం తెలుసు, అది వేరే గోల.) ఇక 50 ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. దానికి చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు, ఆ బండి రోజూ రోడ్డెక్కకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి మాత్రమే తీసే అలాంటి కారుకు రంధ్రాలు కొట్టించకుండా వదిలేస్తానంటే నేను కాదనను. ఇక్కడ చెప్పేదంతా వారానికోసారైనా నర్సంపేటకో కరీంనగర్‌కో పోయొచ్చే బండ్ల గురించి.

బెల్టు అసలే వద్దనేవాళ్ల మాట ఒకటే: "ఇది పాత ఇనుము అన్నా, దీనికేం కాదు." బండికేం కాకపోవచ్చు. సమస్య లోపల కూర్చున్న మనిషిది. కొత్త కార్ల ముందు భాగం కావాలనే నలిగి దెబ్బను మింగుతుంది. పాత బండి రేకు అంత మింగదు, మిగిలింది మనకే తగులుతుంది. పాత స్టీరింగ్ రాడ్డు గుద్దుకున్నప్పుడు ముడుచుకోదు, నేరుగా ఛాతీ మీదికి వస్తుంది. 70 కిలోల మనిషి గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉండగా అర మీటరులో ఆగాల్సి వస్తే అతని మీద పడే బలం దాదాపు 1,400 కిలోల బరువుతో సమానం. స్టీరింగ్‌ను చేతులతో పట్టుకుని ఆపుకుంటాననేది ఉత్త మాట. భూపాలపల్లి రోడ్డు మీద బొగ్గు లారీల మధ్య, వరి కోతలప్పుడు సగం రోడ్డు వడ్లకే పోయిన చోట, సడన్ బ్రేకు పడదని ఎవరు హామీ ఇస్తారు?

చవకగా, తేలిగ్గా అయ్యేది నడుము బెల్టు. ఫ్లోర్‌కు రెండు బోల్టులు, పని అయిపోయింది. మనిషిని బయటికి ఎగిరిపోనివ్వదు, అంతవరకు మంచిదే. కానీ పై శరీరం కత్తెరలా ముందుకు మడుచుకుంటుంది, తల డ్యాష్‌బోర్డుకో స్టీరింగ్‌కో కొట్టుకుంటుంది. బెల్టు తుంటి ఎముకల మీద కాక పొట్ట మీద ఉంటే పేగులకు, వెన్నుకు కూడా దెబ్బే. డ్రైవర్ సీటుకు ఇదొక్కటే పెట్టించి ఊరుకోవడం నాకు నచ్చదు.

స్వీడన్ కార్ల కంపెనీ వోల్వోలో పనిచేసిన నిల్స్ బోలిన్ 1959లో తెచ్చిన మూడు పాయింట్ల బెల్టు (నడుముకు రెండు వైపులా, భుజం దగ్గర ఒకచోట బిగించేది) ఛాతీని కూడా పడుతుంది. వోల్వో ఆ పేటెంటును మిగతా కంపెనీలూ వాడుకోనిచ్చింది. ఇందులో రెండు రకాలు. రీల్ (పట్టీని తనలోకి చుట్టుకునే చుట్ట) లేనిదాన్ని మనిషి మారినప్పుడల్లా బిగించుకోవాలి. మన ఇళ్లలో ఒకే కారును తండ్రి, కొడుకు, అల్లుడు నడుపుతారు, ఎవరూ సరిచేసుకోరు, బెల్టు వదులుగా వేలాడుతుంది. రీల్ ఉన్నది తనే ఒంటికి అతుక్కుంటుంది, కుదుపు వస్తే లాక్ అవుతుంది. కాకపోతే రీల్‌ను కంపెనీ చెప్పిన కోణంలోనే బిగించాలి. వంకరగా పెడితే ఉత్తప్పుడే పట్టేస్తుంది, లేదా కావాల్సినప్పుడు పట్టదు.

అసలు పనితనం బోల్టు దగ్గరుంటుంది. మ్యాట్ ఎత్తి, ఫ్లోర్‌ను స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. కర్రుమని లోపలికి దిగితే అది తుప్పు. అక్కడ ముందు కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి, బెల్టు ఆ తర్వాత. గట్టిగా ఉన్నా సరే, వాషర్ ఒక్కటీ వేసి నట్టు బిగిస్తే రేకు చిరిగి బోల్టు ఊడి చేతికొస్తుంది. రేస్ కార్ల నిబంధనల్లో ఫ్లోర్ కింద 3 మిల్లీమీటర్ల మందం, కనీసం 40 చదరపు సెంటీమీటర్ల ప్లేటు అడుగుతారు, అదే కొలత ఇక్కడా పెట్టించండి. బెల్టు బోల్టు 7/16 అంగుళాలది, సన్న మర ఉన్న గట్టి రకం. షాపులో దొరికిన ఏదో బోల్టుతో సరిపెట్టనివ్వకండి.

భుజం పాయింటు సెంటర్ పిల్లర్ (ముందు, వెనక తలుపుల మధ్య స్తంభం) మీద, భుజం ఎత్తులో గానీ కాస్త పైన గానీ ఉండాలి. పిల్లర్ జోలికెందుకని సీటు వెనక ఫ్లోర్‌కు బిగిస్తే, గుద్దుకున్నప్పుడు బెల్టు భుజాన్ని కిందికి లాగి వెన్నెముకను నొక్కేస్తుంది. 1994 తర్వాతి అంబాసిడర్ ఎక్కడైనా దొరికితే తలుపు తీసి, కంపెనీ బెల్టు ఎక్కడ బిగించిందో చూసి రండి. స్క్రాప్ షాపు బెల్టులు మాత్రం వద్దు. ప్రమాదంలో ఒకసారి లాగుకున్న పట్టీ మళ్లీ అంత బలంగా ఆపదు, ఎండకు ఎండి బలం తగ్గిన పట్టీ కూడా పైకి బాగానే కనబడుతుంది.

రెండు భుజాల మీదుగా, నడుముకు పట్టీలుండే నాలుగు పాయింట్ల రేసింగ్ హార్నెస్ కుర్రాళ్లకు మోజు. ఫొటోకు బాగుంటుంది. రోడ్డు మీద మాత్రం నా లెక్కలో ఇదే చివరిది. భుజం పట్టీలు నడుము బెల్టును పైకి లాగుతాయి, మనిషి దాని కిందినుంచి జారిపోతాడు. ఆ జారుడు ఆపేందుకే రేస్ కార్లలో కాళ్ల మధ్య పట్టీ ఉంటుంది. పైగా బండి పల్టీ కొట్టి టాపు కుంగితే పక్కకు వంగే వీలుండదు.

జీపు లెక్క వేరు. దానికి పిల్లర్ లేదు. టాపు లేని జీపుకు ముందు గట్టి రోల్ బార్ (బండి పల్టీ కొట్టినా తలలు నలగకుండా కాపాడే ఇనుప కమాను) కట్టించి, దానికే మూడు పాయింట్ల బెల్టు పెట్టించడం మంచి దారి. రోల్ బార్ వద్దనుకుంటే నడుము బెల్టే గతి, వేగం సగానికి తగ్గించుకోవాలి.

అంబాసిడర్, పద్మిని ముందు సీట్లకు నా ఓటు రీల్ ఉన్న మూడు పాయింట్ల బెల్టుకే. వెనక సీటుకు పెద్దవాళ్ల వరకు నడుము బెల్టు ఉన్నా ఏమీ లేనిదానికంటే నయం. చిన్న పిల్లలకు అది పొట్ట మీదికి ఎక్కుతుంది, చాలా చైల్డ్ సీట్లకు కూడా ఆ బెల్టు సరిపోదు. పిల్లలతో రామప్పకో లక్నవరానికో పోవాలనుకున్న రోజు మారుతినే తీయండి.