హ్యూమరస్ బ్రేస్: సరుకు మంచిదే, పుండు మీద మాత్రం వద్దు

భుజానికీ మోచేతికీ నడుమనున్న ఎముక విరిగితే తొడిగేది ఇది. రెండు ప్లాస్టిక్ చిప్పలు, బిగించుకోడానికి వెల్క్రో పట్టీలు, అంతే. 1977లో సార్మియెంటో అనే సర్జన్ దీని ఫలితాలు ప్రచురించారు. కిటుకు చిన్నది: చిప్పలు కండని చుట్టూ నొక్కితే ఆ కండే లోపలి ఎముకని పట్టి ఉంచుతుంది, వేలాడే చేతి బరువు వంకర తీస్తుంది. చర్మం తెగని ఫ్రాక్చర్‌కైతే, మొదటి వారం పది రోజులు పిండికట్టులో ఉంచి వాపు తగ్గాక, అయిదుకి నాలుగు మార్కులు. మోచెయ్యి ఆడుతూనే ఉంటుంది. ఎముక అతకడానికి సాధారణంగా రెండు మూడు నెలలు.

ఓపెన్ ఫ్రాక్చర్‌కి, అంటే విరిగినచోట చర్మం కూడా తెగి పుండు పడ్డదానికి, మొదట్లో సున్నా. దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీంచి పడ్డప్పుడు పైకి సెనగ్గింజంత కన్నమే కనపడొచ్చు. విరిగినచోట అలా నెత్తురు కారుతుంటే ఎముక బయటికొచ్చి లోపలికి పోయిందనే లెక్క. దానిమీద బ్రేస్ బిగిస్తే వాపుకి చోటుండదు, లోపల చీము పట్టినా కనపడదు. నాటు కట్టుకీ ఇదే మాట.

అప్పుడు కావలసింది శుభ్రమైన గుడ్డ, అట్టముక్క, తువ్వాలు. గుడ్డ కప్పి, నెత్తురు ఆగకపోతే అదిమి పట్టండి. అట్టని చేతి పొడవునా ఆనించి, తువ్వాలుతో చేతిని ఒంటికి కట్టి 108కి ఫోన్ చెయ్యండి. బయటికొచ్చిన ఎముకని లోపలికి నెట్టకండి. పసుపు, కాఫీపొడి, కాలవ నీళ్ళు పుండుకి తగలనివ్వద్దు. ఆపరేషన్ ఉంటుంది కాబట్టి తిండి పెట్టకండి.

ఆసుపత్రిలో తొలి గంటలోనే యాంటిబయాటిక్ నరంలోకి వెళ్ళాలి, పెద్దవాళ్ళకి మామూలుగా సెఫజోలిన్ 2 గ్రాములు. టెటనస్ టీకా సంగతీ చూస్తారు. డెల్టాలో ఒక మాట అడక్కపోయినా చెప్పాలి: ఎక్కడ పడ్డారో. పేడ కలిసిన మట్టి, రొయ్యల చెరువు ఉప్పునీరు, మురుగు కాలవ... ఒక్కోదాన్లో ఒక్కో రకం సూక్ష్మజీవులు, మందులూ దాన్నిబట్టే మారతాయి. ఇలాంటి మురికి పట్టిన పుండుని రేపు చూద్దామనకుండా వెంటనే ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళాలి. మురికి లేకపోయినా గట్టి దెబ్బైతే 12 గంటల్లోపు. అక్కడ సెలైన్‌తో కడుగుతారు: పుండు 1 సెంటీమీటరు లోపైతే 3 లీటర్లు, 10 లోపైతే 6, అంతకు మించితే 9 అని వాడుక లెక్క. కడగడం కన్నా ముఖ్యం చచ్చిన కండని కోసెయ్యడం. గిల్లితే కదలని, కోస్తే నెత్తురు రాని కండ మిగిలితే చీముకి అదే మేత. తర్వాత ప్లేటో, రాడ్డో, బయటినుంచి పిన్నుల ఫ్రేమో వేస్తారు. ఫ్రేము తీశాక, పుండు మానాక సర్జన్ చెబితే అప్పుడు బ్రేస్ వంతు.

కొనేటప్పుడు జబ్బ మధ్యలో చుట్టుకొలత తీసుకోండి. పై అంచు చంకకి రెండు వేళ్ళు కిందా, కింది అంచు మోచేతి మడతకి పైనా ఉండాలి; లేకపోతే చంక ఒరుసుకుపోతుంది. మన ఉక్కపోతలో లోపల నూలు తొడుగు తప్పనిసరి, రెండుంటే ఒకటి ఉతుక్కోవచ్చు. వాపు తగ్గేకొద్దీ పట్టీలు రోజూ బిగించాలి. జారిపోయిన బ్రేస్ ఉన్నా లేనట్టే.

దాంతోపాటు అంటగట్టే సంచీ స్లింగ్ ఇక్కడ పనికిరాదు. అది మోచేతిని పైకెత్తి చేతి బరువు పనిచెయ్యకుండా చేస్తుంది, ఎముక వంకరగా అతుకుతుంది. మెడకీ మణికట్టుకీ మధ్య మెత్తటి పట్టీ చాలు.

ఇంకోటి. ఈ ఎముక వెనక చుట్టుకుపోయే నరం నలిగితే మణికట్టు వాలిపోతుంది, బొటనవేలు లేవదు. దెబ్బ తగిలిన రోజే ఇది చూసి డాక్టరుకి చెప్పాలి. ఓపెన్ ఫ్రాక్చర్‌లోనైతే కడిగేటప్పుడే నరాన్నీ చూస్తారు. కోలుకోడానికి నెలలు పట్టొచ్చు. అన్నాళ్ళూ మణికట్టుని ఎత్తి పట్టే చిన్న స్ప్లింట్ విడిగా కొనుక్కోవాలి, ఈ పెట్టెలో రాదు.