ఇంజను మళ్ళీ కడుతుంటే ఏ వాల్వులు మేలు? కంపెనీవా, స్టెయిన్‌లెస్సా, ఇంకొనెలా, టైటానియమా

ఇంజను పైభాగం, అంటే వాల్వులుండే హెడ్డు దించి బల్ల మీద బోర్లా పెట్టగానే కాలిన ఎగ్జాస్ట్ వాల్వు వెతక్కుండానే కనపడుతుంది. అంచున ఒకచోట ఎలుక కొరికినట్టు నొక్కు, దాని పక్కన తెల్లబారిన మరక. "ఒక్కటే కదన్నా పోయింది, దాన్ని మార్చి మిగతావి పేస్టు పెట్టి రుద్దేద్దాం" అంటాడు మెకానిక్. ఓనరు అప్పటికే ఫోన్‌లో అమెరికా వాల్వుల సెట్టు తెరిచి పెట్టుకుని ఉంటాడు. ఆ వాల్వు ఎందుకు కాలిందో తేలకపోతే వీళ్ళిద్దరిలో ఎవరి మాట విన్నా ఆరు నెలల్లో హెడ్డు మళ్ళీ దించాల్సిందే.

ఇక్కడ లెక్కలోకి తీసుకునేవి ఇంకా హుషారుగా తిరుగుతున్న పాత బళ్ళు: 106 హార్స్‌పవర్ల హోండా సిటీ వీటెక్, మారుతి బెలెనో 1.6, టర్బో ఉన్న స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. ఏడాది పొడుగునా నెల్లూరు, కావలి, ఒంగోలు మధ్య తిరుగుతూ, ఎప్పుడన్నా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి పోయేవి. రేసు కోసమే కట్టే ఇంజను లెక్క వేరు.

ముందు వేడి సంగతి

ఇన్లెట్ వాల్వును లోపలికొచ్చే చల్లటి గాలి కాపాడుతుంది. కాలిన పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వుకు ఆ అదృష్టం లేదు. గట్టిగా తొక్కినప్పుడు దాని తల 700 నుంచి 800 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడిలో దాదాపు ముప్పావు వంతు, వాల్వు మూసుకుని సీటుకు, అంటే హెడ్డులోని రింగుకు ఆనుకున్న కాసేపట్లోనే హెడ్డులోకి దిగుతుంది. మిగతాది కాడ మీదుగా, అది జారే గొట్టం లాంటి గైడులోకి పోతుంది. 7000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు 58 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది కాబట్టి ఆ ఆనుకునే సమయం ఎంత తక్కువో ఊహించుకోండి. సీటు మీద ఒకచోట సన్నటి సందు ఉంటే చాలు, మంట అక్కడే దారి చేసుకుంటుంది.

ఇంకో మాట. 400 మీటర్ల డ్రాగ్ పరుగు పదిహేను, పదహారు సెకన్లలో అయిపోతుంది. నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్లు, రోహిణి కార్తెలో ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని ఒకే ఊపున తోలితే వాల్వు వేడి తగ్గే సందే ఉండదు. ఆ డ్రాగ్ పరుగు కన్నా హైవేనే వాల్వుల్ని ఎక్కువ కాలుస్తుంది. దానికి తోడు ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత ఇంజన్ల కంప్యూటరు ఫుల్ త్రాటిల్‌లో ఆక్సిజన్ సెన్సరు మాట వినదు, గాలికి తగ్గ ఇంధనం అందక మిశ్రమం పలచబడుతుంది. ట్యూనింగ్ సరిచేయకుండా ఎంత ఖరీదైన వాల్వు వేసినా లాభం లేదు.

అయస్కాంతం చెప్పేది

షాపులో వాల్వు చేతికిచ్చినప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంటే సగం మోసం అక్కడే బయటపడుతుంది. ఇన్లెట్ వాల్వు సాధారణంగా సిలిక్రోమ్ ఉక్కు, అంటే 9 శాతం దాకా క్రోమియం, 3 శాతం దాకా సిలికాన్. ఇది అయస్కాంతానికి అతుక్కుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు తలకు వాడేది 21-4ఎన్: 21 శాతం క్రోమియం, 4 శాతం దగ్గర నికెల్, 9 శాతం మాంగనీసు, కొంచెం నైట్రోజన్. ఇది అతుక్కోదు.

కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వు తలకు అయస్కాంతం అతుక్కోక, కాడకు గట్టిగా అతుక్కుంటే అది రెండు లోహాలను రాపిడితో అతికించిన వాల్వు. చాలా కంపెనీ వాల్వులు ఇలాగే ఉంటాయి, మంచివే. తలకీ కాడకీ రెండింటికీ అతుక్కోకపోతే మొత్తం 21-4ఎన్‌తో చేసిన ఒంటిముక్క స్టెయిన్‌లెస్, లేదా నికెల్ మిశ్రమమైన ఇంకొనెల్. తలకే గట్టిగా అతుక్కుంటే ఇన్లెట్ ఉక్కుతో చేసిన ఎగ్జాస్ట్ వాల్వు అన్నమాట. పెట్టె మీద ఏ పేరున్నా తీసుకోవద్దు.

ఇంకొనెల్‌నీ 21-4ఎన్‌నీ అయస్కాంతం వేరు చేయలేదు. పాత వాల్వు ఒకటి గ్రైండింగ్ రాయికి తాకించి చూస్తే తెలుస్తుంది: నికెల్ ఎక్కువున్న ఇంకొనెల్ పొట్టిగా, మసకగా, నాలుగు ఎర్రటి రవ్వలు మాత్రం విసురుతుంది. కొత్త వాల్వు మీద ఈ ప్రయోగం చేయకండి.

కంపెనీ వాల్వా, ఒంటిముక్క స్టెయిన్‌లెస్సా

టర్బో లేని 1.3 నుంచి 1.6 లీటర్ల ఇంజనుకు ఎక్కువమంది తేల్చుకోవలసింది ఈ రెండింటి మధ్యే. కంపెనీ వాల్వు, లేదా దానికి సమానమైన మన దేశపు వాల్వు, నెల్లూరు ఆటోనగర్‌లో లేకపోతే చెన్నై నుంచి మర్నాటికి వస్తుంది. టైమింగ్ బెల్టు తెగి ఒక్కటి వంగినా ఒక్కటే తెచ్చుకోవచ్చు. ఫెర్రియా, సూపర్‌టెక్, మాన్లీ లాంటి బయటి సెట్లలో కాడను పోర్టు దగ్గర సన్నగా చెక్కుతారు, తల వెనకభాగాన్ని గాలి జారేలా నునుపు చేస్తారు. గాలి కొంచెం మెరుగ్గా పారుతుంది. కాని ఇవి వారాల తరబడి ఎదురుచూడాల్సిన సరుకు. పాత హోండా బి సిరీస్‌కి దొరికినట్టు మన దగ్గరున్న ప్రతి ఇంజనుకీ దొరకవు.

ఒంటిముక్క స్టెయిన్‌లెస్‌తో చాలామంది దెబ్బతినేది గైడు గ్యాప్ దగ్గర. కంపెనీ వాల్వు కాడ సిలిక్రోమ్, వేడికి తక్కువ పెరుగుతుంది. 21-4ఎన్ కాడ అంతకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. 5.5 మి.మీ. కాడకు 400 డిగ్రీల తేడా మీద లెక్కేస్తే 0.012 మి.మీ. అదనం. చూడటానికి చిన్నదే. కాని పాత కొలతకే 0.03 మి.మీ. గ్యాప్‌తో బిగుతుగా రీమర్ (రంధ్రాన్ని కొలతకు తెచ్చే పనిముట్టు) కొట్టిన గైడులో ఎడం గోడకీ కుడి గోడకీ నూనె పొర నిలవదు, వేడెక్కినప్పుడు వాల్వు పట్టేస్తుంది. పిస్టన్ వచ్చి గుద్దుతుంది. ఒంటిముక్క వేస్తే ఎగ్జాస్ట్ గైడు గ్యాప్ 0.04 నుంచి 0.06 మధ్య ఉంచండి, సెట్టుతో వచ్చిన కాగితంలో అంకె ఉంటే దాన్నే పాటించండి. కాడ పొడుగు కూడా కాస్త ఎక్కువ పెరుగుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ టాపెట్ గ్యాప్ (వాల్వును తొక్కే భాగానికీ కాడ చివరకీ మధ్య సందు) మాన్యువల్ ఇచ్చిన హద్దులో పై అంచున పెట్టాలి. టిక్ టిక్ వినపడకూడదని బిగించేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు. చాలా వాల్వులు కాలేది అలా నిశ్శబ్దంగానే.

కాడకు క్రోమ్ పూతో, నల్లటి నైట్రైడింగో ఉందా అని కూడా చూడండి. పూత లేని 21-4ఎన్ కాడ పోత ఇనుప గైడులో గీసుకుపోతుంది.

మరి ఏది? రెడ్‌లైను (ఇంజను తిరగగల ఆర్‌పీఎం హద్దు), క్యామ్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) రెండూ కంపెనీవే అయితే కంపెనీ వాల్వులే మేలు, మిగిలిన డబ్బు గైడులకు పెట్టండి. క్యామ్ మార్చి, పోర్టు పని చేసి, స్ప్రింగులు గట్టివి వేస్తుంటే ఒంటిముక్క స్టెయిన్‌లెస్ వైపు మొగ్గు. 6500 నుంచి 7500కి రెడ్‌లైను పెంచితే వాల్వు మీద పడే జడత్వపు బలం 33 శాతం పెరుగుతుంది. ఆ దెబ్బ తలకీ కాడకీ మధ్య మెడ మీద, కాడ చివర లాకులు పట్టే గాడి మీద పడుతుంది. రెండు లోహాల అతుకు లేకపోవడం అక్కడ ధైర్యం.

తల 1 మి.మీ. పెద్దదిగా ఉన్న వాల్వుల మీద మోజు చాలామందికి ఉంది. సన్న బోరు ఇంజన్లలో పెద్ద తల సిలిండరు గోడకు దగ్గరై గాలికి అడ్డమవుతుంది. పోర్టు, సీటు కూడా పెంచకపోతే పెట్టిన డబ్బు గోడకు కొట్టినట్టే.

టర్బో ఉంటే

ఆక్టేవియా ఆర్‌ఎస్ 1.8 టర్బోలో సిలిండరుకు ఐదు వాల్వులు, మూడు ఇన్లెట్, రెండు ఎగ్జాస్ట్. మొత్తం ఇరవై. ఎగ్జాస్ట్ వాల్వుల కాడ బోలుగా ఉంటుంది, అందులో సగం పైగా సోడియం. 98 డిగ్రీల దగ్గర కరిగి, వాల్వు ఎగిరెగిరి పడుతుంటే సీసాలో నీళ్ళలా కులుకుతూ తల వేడిని కాడ మీదికి చేరవేస్తుంది. బూస్టు, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి పెంచనప్పుడు వీటి స్థానంలో మళ్ళీ సోడియం వాల్వులే వేయండి. ధర చూసి ఘనమైన స్టెయిన్‌లెస్ వేస్తే తల మునుపటి కన్నా వేడిగా నడుస్తుంది. అది నాకింగ్‌కు, అంటే మిశ్రమం వేళ తప్పి తనంతట అంటుకోవడానికి దారి.

బూస్టు గట్టిగా పెంచుతుంటే ఎగ్జాస్ట్ ఎనిమిదీ ఇంకొనెల్ 751 వేయడం సబబు. 70 శాతానికి పైగా నికెల్ ఉన్న ఈ లోహం 800 డిగ్రీలు దాటాక కూడా బలం నిలుపుకుంటుంది, 21-4ఎన్ అక్కడ మెత్తబడటం మొదలుపెడుతుంది. ఇన్లెట్‌కి ఇంకొనెల్ అక్కర్లేదు, స్టెయిన్‌లెస్ చాలు. బరువు ఉక్కు కన్నా కొంచెం ఎక్కువే కాబట్టి స్ప్రింగులు చూసుకోవాలి.

తీసేసిన సోడియం వాల్వుల్ని పాత ఇనుము కొట్టుకు వేయకండి. కాడను కోసినా పగిలినా సోడియం నీటి తడి తగిలి అంటుకుంటుంది. లేత్ మీద కాడను కోసి ఇంకో పనిముట్టు చేసుకునే అలవాటున్న షాపులకు ముందే చెప్పాలి.

టైటానియం

వద్దు. ఉక్కు వాల్వు 40 గ్రాములుంటే టైటానియంది 23 గ్రాములు, అంత తేలిక. 2006 కార్వెట్ జడ్06 లాంటి బళ్ళకు ఫ్యాక్టరీ నుంచే టైటానియం ఇన్లెట్ వాల్వులు వచ్చాయి. కాని కాడ మీద పూత ఉండాలి, కాడ చివర గట్టి టోపీలు కావాలి, గైడులు కంచువి కావాలి, చాలా సెట్లకు సీట్లు కూడా రాగి మిశ్రమానివి వేయాలి. పేస్టు పెట్టి రుద్దితే పూత పోయినట్టే. బెరీలియం కలిసిన రాగి సీటును మామూలు లేత్ షాపులో కోస్తే ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. రోజూ తిరిగే బండికి ఇంత తంటా దేనికి?

లేత్ షాపులో

గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి, సంతనూతలపాడు వైపు తిరిగే బళ్ళకు ఒక బాధ ప్రత్యేకం. గ్రానైట్ పొడి ఇసుక కన్నా సన్నం, కంపెనీ ఎయిర్‌బాక్సు తీసి వేసిన ఓపెన్ ఫిల్టరు దాటి పోతుంది. కాడ, గైడు అరిగిపోతాయి. కాడ ఊగుతుంటే వాల్వు ప్రతిసారీ సీటు మీద ఒకచోటే ఆనదు. అలాంటి గైడులో ఇంకొనెల్ వేసినా కాలుతుంది. ఆ రోడ్డున తిరిగే బండికి కంపెనీ ఎయిర్‌బాక్సు తీయకుండా ఉండటం అన్నిటికన్నా చవక.

పని వరస తప్పకూడదు. గైడులు మొదట. హెడ్డును నూరు డిగ్రీల పైన వేడిచేసి పాతవి దించి, ఫ్రీజరులో పెట్టిన కొత్తవి ఎక్కించాలి. పాత గైడు లోపల గీతలు కొట్టి బిగుతు తెప్పించే పద్ధతి కొన్నాళ్ళే నిలుస్తుంది. తర్వాత రీమర్, ఆ తర్వాతే సీటు కటింగ్. సీటు కట్టరు గైడునే ఆధారం చేసుకుంటుంది కాబట్టి ముందు సీటు కోసి తర్వాత గైడు మారిస్తే మొదటి పని వృథా. 30, 45, 60 డిగ్రీల మూడు కోణాలు, వాల్వు ఆనే 45 డిగ్రీల పట్టీ వెడల్పు ఇన్లెట్‌కి 1 నుంచి 1.2 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 1.5 మి.మీ. ఎగ్జాస్ట్ సీటును రేసు ఇంజనులా సన్నగా కోయిస్తే వేడి పోయే దారి కూడా సన్నబడుతుంది. పేస్టుతో రుద్దడం ఆనే చోటు చూసుకోవడానికే, చెడ్డ సీటును బాగు చేయడానికి కాదు. రుద్దిన ప్రతి వాల్వునీ గైడునీ కిరసనాయిలుతో కడగాలి, ఆ పేస్టు రవ్వ కూడా గ్రానైట్ పొడి లాంటిదే.

వాల్వులు, స్ప్రింగులు బిగించాక పోర్టులో కిరసనాయిలు పోసి పది నిమిషాలు చూడండి. ఛాంబరు వైపు చెమ్మ కనపడితే ఆ వాల్వు మళ్ళీ విప్పాల్సిందే. కొత్త వాల్వు కాడ చివరి గాడి ఒకటా, మూడా? స్ప్రింగును కాడకు పట్టి ఉంచే పాత లాకులు దానికి సరిపోతాయా? తేడా లాకులతో వాల్వు సిలిండరులో పడితే ఇంజనుకు ఇంజనే పోతుంది.

క్యామ్ మారినా తల సైజు మారినా పిస్టన్ మీది గుంటల్లో కాస్త నూనె రాసి ప్లాస్టిసిన్ మట్టి పెట్టి, పాత గ్యాస్కెట్‌తో హెడ్డు బిగించి, టైమింగ్ బెల్టు వేసి చేత్తో రెండు చుట్లు తిప్పండి. తిరగనంటే బలవంతం చేయొద్దు. విప్పి మట్టిని బ్లేడుతో కోసి కొలిస్తే ఇన్లెట్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. మిగలాలి. అంతకన్నా తక్కువైతే క్యామ్ టైమింగ్ మార్చాలి, లేదా పిస్టన్ గుంట లోతు చేయించాలి. బండి తిరిగాక 1000 కిలోమీటర్లకు ఇంజను చల్లగా ఉన్న పొద్దున టాపెట్లు మళ్ళీ కొలవండి. కొత్త సీట్లు కుదురుకున్న కొద్దీ ఎగ్జాస్ట్ గ్యాప్ తగ్గుతుంది.