కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా: ఒంటరిగా ఉండే మేనత్తకు సరుకులు చేరవేస్తున్న సేవపై సమీక్ష

మా మేనత్తకు ఎనభై ఏళ్లు దాటాయి. ఒక్కరే ఉంటారు, వంట తానే చేసుకుంటారు. వేరే ఊళ్లో ఉన్న నేను ఆవిడ ఇంటికి సరుకులు పంపడానికి వాడుతున్న సబ్‌స్క్రిప్షన్ డెలివరీ సేవ గురించి ఈ సమీక్ష. ఇలాంటి సేవలన్నీ ఇంచుమించు ఒకే తీరుగా నడుస్తాయి కనుక సంస్థ పేరు చెప్పడం కంటే, పెద్దవాళ్ల కోసం ఒక సేవను ఎంచుకునేటప్పుడు ఏమేం చూడాలో చెప్పడమే ఎక్కువ ఉపయోగమని నాకు అనిపించింది. సరుకు నాణ్యత, వేళ తప్పకపోవడం, విడివిడిగా రోజులు పెట్టుకునే సౌకర్యం మెచ్చుకోదగినవి. అడిగిన వస్తువు లేనప్పుడు వేరేది పంపే పద్ధతి, గుమ్మం దగ్గర ఓటీపీ అడిగే పద్ధతి మాత్రం వృద్ధులను మనసులో పెట్టుకుని చేసినవి కావు.

నెలకు సరిపడా ఒకేసారి తెప్పిస్తే శ్రమ తగ్గుతుందని అంటారు గానీ, ఆ శ్రమ తగ్గేది ఆర్డరు పెట్టేవారికే. ఐదు లీటర్ల నూనె డబ్బా అంటే దాదాపు ఐదు కిలోల బరువు. వయసుతో పాటు చేతి పట్టు తగ్గిన మనిషి దాన్ని ఎత్తి వంచుకోవడం, బిగుసుకున్న మూత తిప్పడం చిన్న పనులు కావు. అంతకంటే ముఖ్యమైనది పాడయ్యే సరుకు సంగతి. పాడయ్యే ఆహారాన్ని 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంచడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, కానీ ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన ప్రమాదం తీరిపోదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఆ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది, అరవై అయిదు దాటినవారికి దానివల్ల వచ్చే జబ్బు యువకులకు వచ్చినదానికంటే చాలా తీవ్రంగా ఉంటుంది. పైగా వయసు మీద పడేకొద్దీ వాసన పసిగట్టే శక్తి తగ్గుతుంది కనుక, పాలు విరగబోతున్నాయన్న సంగతి మనకు తెలిసినంత త్వరగా వారికి తెలియదు. అందుకే కొద్దికొద్దిగా తెప్పించడాన్ని నేను జాగ్రత్తలో భాగంగానే చూస్తాను. చిన్న ప్యాకెట్లకు కిలో లెక్కన కొంత ఎక్కువ పడుతుంది, కానీ పారేసే సరుకును లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా పెద్దగా మిగలదు.

ఈ విషయంలో ఈ సేవకు మంచి మార్కులు వేస్తాను. పాలు రోజు విడిచి రోజు, కూరగాయలు వారానికి రెండుసార్లు, ఎండు సరుకులు పదిహేను రోజులకోసారి అని ఒక్కో వస్తువుకు ఒక్కో గడువు పెట్టుకోవచ్చు. సబ్‌స్క్రిప్షన్‌లో ఉన్నవాటికి ఇంత మొత్తం కొనితీరాలన్న కనీస పరిమితి లేదు. మధ్యలో ఏదైనా వద్దనుకుంటే ముందురోజు రాత్రి లోపు ఆపేయవచ్చు.

అడిగిన వస్తువు లేనప్పుడు అలాంటిదే మరొకటి పంపడం పడుచువాళ్ల ఇంట్లో సౌకర్యమే కావచ్చు. మందులు వాడుతున్న పెద్దవారి ఇంట్లో అది నిజంగా ప్రమాదం. ఒకసారి మామూలు ఉప్పుకు బదులు తక్కువ సోడియం ఉప్పు వచ్చింది. "కొత్త రకం ఉప్పు వచ్చిందిరా, ఆరోగ్యానికి మంచిదని రాసి ఉంది" అని మా అత్త ఫోన్లో సంతోషంగానే చెప్పారు. అలాంటి ఉప్పులో సోడియం క్లోరైడులో కొంత భాగం తీసి పొటాషియం క్లోరైడు కలుపుతారు. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారికి రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ దెబ్బతినవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇలాంటి ఉప్పును సిఫారసు చేసినప్పుడు కూడా మూత్రపిండాల సమస్య ఉన్నవారిని అందులోంచి మినహాయించింది. మా అత్తకు ఉన్నది సరిగ్గా ఆ సమస్యే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అనే మందు వాడేవారి విషయంలో ఆకుకూరలూ ఇలాంటివే; తినే మోతాదు ఉన్నట్టుండి మారితే మందు పనితీరు మారుతుంది. యాప్‌లో ప్రతి వస్తువు పక్కన "ఇది లేకపోతే ఏదీ పంపవద్దు" అనే ఎంపిక ఉంది గానీ అది మూడు తెరల లోపల దాగి ఉంది, పైగా కొత్త వస్తువు చేర్చినప్పుడల్లా మళ్లీ పెట్టాలి. దాన్ని ఖాతా మొత్తానికి ఒకేసారి పెట్టుకునే వీలు కల్పించాలని సంస్థను గట్టిగా కోరుతున్నాను.

ఇక గుమ్మం దగ్గరి సంగతి. డెలివరీ కుర్రవాడు ఓటీపీ అడిగినప్పుడు మా అత్త ఇవ్వలేదు. "ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్లే అన్నారు కదా, మరి ఈ అబ్బాయికి ఎలా చెప్పను?" అన్న ఆవిడ ప్రశ్నలో ఏ తప్పూ లేదు. మోసగాళ్ల నుంచి కాపాడే అలవాటును ఇలాంటి సేవలే సడలించడం నాకు అస్సలు నచ్చలేదు. డబ్బు ముందే చెల్లించిన ఆర్డర్లకు ఓటీపీ తీసేసి, గుమ్మంలో పెట్టిన సంచి ఫొటోను రుజువుగా తీసుకోవచ్చు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడిగాకే ఆ మార్పు చేశారు. ముందే చెల్లించడంలో ఇంకో మేలు ఉంది: గుమ్మం దగ్గర ఎవరు డబ్బు అడిగినా ఇవ్వనక్కర్లేదని మా అత్తకు స్పష్టంగా తెలుసు. సూచనల గడిలో "బెల్ కొట్టి కాసేపు ఆగండి, సంచి బల్ల మీద పెట్టండి" అని రాయండి, వాళ్లు పాటిస్తున్నారు. వంగి నేల మీది నుంచి ఎత్తుకోవడం తప్పుతుంది. ఒంటరిగా ఉంటారని మాత్రం అక్కడ రాయవద్దు, ఆ గడి చాలామంది కంట పడుతుంది.

తలుపు తీయకపోతే రెండో నంబరుకు ఫోన్ చేసే ఏర్పాటు ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చింది. ఆవిడ స్నానానికి వెళ్లినా నాకు ఫోన్ వస్తుంది, నేను పక్కింటివారిని అడుగుతాను. అలాగే పోయినసారి తెచ్చినవి అలాగే మిగిలిపోతున్నాయంటే ఆకలి తగ్గిందేమోనని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. జాబితా మాత్రం ఎప్పుడూ ఆవిడే చెబుతారు. నేను యాప్‌లో ఎక్కిస్తాను, అంతే. ఏం తినాలో ఆవిడ ఇష్టం, అది నా చేతిలోకి రాకూడదు.

వాపసు పద్ధతి ఇంకా సరిగా లేదు. పాడైన వస్తువు ఫొటో ఆ రోజే యాప్‌లో పెట్టాలంటారు. ఆవిడకు అది చేతకాదు, నేనేమో అక్కడ ఉండను. ఫోన్లో ఫిర్యాదు తీసుకుంటారు, కానీ డబ్బు బ్యాంకు ఖాతాకు కాకుండా యాప్ వాలెట్‌లోకే వేస్తారు. ఫోన్ ఎత్తి మాట్లాడే మనిషి ఉన్నంతవరకు ఈ సేవను కొనసాగిస్తాను, యాప్ వాడడం రాని పెద్దలు ఉన్న మీ ఇంటికీ సిఫారసు చేస్తాను. ఫోన్ నంబరే లేకుండా చాట్‌తో నడిచే సేవలైతే ఎంత చవకగా వచ్చినా వద్దంటాను.